విరగాల్సింది విరగనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో రిమోట్‌తో మట్టిలో నడిపే బొమ్మ బండ్ల మీద, అంటే రేడియో కంట్రోల్ ఆఫ్‌రోడ్ ట్రక్కుల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఈ బుల్లి బండ్లకి ఒక తెలుగు పత్రిక పేజీ మొత్తం ఇవ్వడం చూసి ముచ్చటేసింది. చివరి పేరా దగ్గరకి వచ్చేసరికి మాత్రం కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చదవాల్సి వచ్చింది. ప్లాస్టిక్ భాగాలన్నీ పీకేసి వాటి స్థానంలో అల్యూమినియంవి బిగిస్తే ఇక బండికి తిరుగుండదని రాశారు. ఆ పని నేను చేశాను. తిరుగు సంగతి తర్వాత, ఆరు వారాల పాటు బండి అసలు తిరగనే లేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఫిట్టర్‌ని. 28 ఏళ్లుగా కన్వేయర్లు, గేర్‌బాక్సులు, పంపులు విప్పి బిగించడమే నా పని. బండి నాది కాదు, మా అబ్బాయిది. పదో వంతు సైజు మాన్‌స్టర్ ట్రక్కు, నాలుగు చక్రాలకీ పవర్ వెళ్తుంది. వాడు చదువుకని హాస్టల్‌కి వెళ్లాక అటక మీద పడి ఉంటే, ఒక సెలవు రోజున దుమ్ము దులుపుదామని కిందకి దించాను. రెండేళ్లయింది, అది మళ్లీ అటకెక్కలేదు. ఈ వయసులో ఇదేం పిచ్చి అని మొదట్లో అన్న మా ఆవిడ ఇప్పుడు ఏమీ అనడం లేదు. అలవాటైపోయింది కాబోలు.

మొదటి నెలలోనే కుడివైపు ముందు సస్పెన్షన్ ఆర్మ్, అంటే చక్రాన్ని బండికి కలిపే చెయ్యి, విరిగింది. రాతి గట్టుకి చక్రం కొట్టుకుంది, అంతే. ఆర్మ్ పైకీ కిందకీ ఆడేందుకు ఇరుసులా ఉండే లోపలి హింజ్ పిన్ దూరే రంధ్రం పక్కనుంచి శుభ్రంగా రెండు ముక్కలైంది. కొత్త ప్లాస్టిక్ ఆర్మ్ వేయడానికి పావుగంట పట్టింది. మూడు వారాలకి అదే గట్టు, అదే ఆర్మ్, అదే చోట. ఒకే చోట రెండుసార్లు పోయిన భాగాన్ని మళ్లీ అదే రకంతో మార్చడం ఫిట్టర్‌కి నామోషీ. నాలుగు ఆర్ములూ, వాటి చివర ముందు చక్రాలని పట్టుకునే నకిల్స్, వెనక చక్రాలని పట్టుకునే హబ్‌లూ అన్నీ అల్యూమినియంవి తెప్పించాను. నీలం రంగు పూతతో మెరిసిపోతున్నాయి. ఫొటో తీసి మావాడికి పంపితే, "చాలా బాగుంది నాన్నా, కానీ గట్టు దగ్గర జాగ్రత్త" అని జవాబిచ్చాడు. వాడికి ముందే తెలుసన్నమాట. చెప్తే వినడని వదిలేసి ఉంటాడు.

మూడో రోజున గట్టుకి మళ్లీ కొట్టాను. అల్యూమినియం ఆర్మ్‌కి ఒక గీత పడింది. మిగతావి చెప్తాను వినండి. స్టీలు హింజ్ పిన్ విల్లులా వంగింది. ఆ పిన్నుని పట్టుకునే బల్క్‌హెడ్ ఒక స్క్రూ రంధ్రం నుంచి ఇంకో స్క్రూ రంధ్రం దాకా చీలింది. చీలిక అక్కడితో ఆగకుండా రెండు పక్కల చక్రాలకీ పవర్ పంచే డిఫరెన్షియల్ కూర్చునే గేర్‌బాక్సు పెట్టెలోకి దిగింది. అది తెలియక బండిని నడిపించుకుంటూ ఇంటి దాకా తెచ్చాను. ఆ కాస్త దూరంలోనే పెద్ద పళ్లచక్రం పక్కకి జరిగి, పినియన్ అనే చిన్న పళ్లచక్రంతో రాసుకుని, పళ్ల కొనలు పొడి పొడి అయిపోయాయి. ఇక విప్పుదామంటే వంగిన పిన్ను ఆర్మ్‌లోంచి బయటకి రాదు. వైస్‌లో పెట్టి సుత్తితో తట్టి చూశాను, రాలేదు. చివరికి హాక్సా బ్లేడుతో కోసి, ముక్కలుగా లాగాను. పావుగంటలో అయిపోయే పనికి రెండు ఆదివారాలు పట్టింది. విడిభాగాల కోసం ఎదురుచూపు ఇంకో నెల.

సిగ్గుపడే విషయం ఏమిటంటే, ఈ పాఠం నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే నేర్చుకున్నాను. మా కన్వేయర్ షాఫ్టుకీ గేర్‌బాక్సుకీ మధ్య షియర్ పిన్ అని ఒక చిన్న పిన్ను ఉంటుంది. మెత్తటి ఇనుముతో కావాలనే బలహీనంగా చేస్తారు. కన్వేయర్‌లో ఏదైనా ఇరుక్కుంటే ముందు ఆ పిన్ను తెగుతుంది, మోటారు ఒట్టిగా తిరుగుతుంది, గేర్‌బాక్సు బతుకుతుంది. ఒకసారి రాత్రి షిఫ్టులో అది మాటిమాటికీ తెగుతోందని విసుగొచ్చి, దాని స్థానంలో ఎవరో హై టెన్సైల్ బోల్టు బిగించారు. బోల్టు నిజంగానే తెగలేదు. తర్వాత ఇరుక్కున్నప్పుడు గేర్‌బాక్సు కాళ్లు విరిగి మొత్తం పక్కకి ఒరిగింది. బోల్టు పెట్టింది ఎవరో చెప్పను. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది ముగ్గురం.

బొమ్మ ట్రక్కులో ప్లాస్టిక్ ఆర్మ్ చేసే పని ఇదే. దెబ్బ అనేది మాయమైపోయే వస్తువు కాదు. మెత్తటి భాగం వంగి కొంత మింగుతుంది, మింగలేనంత వస్తే తాను విరిగి వెనకున్న వాటిని కాపాడుతుంది. దాన్ని లోహంతో మార్చామంటే దెబ్బని వెనక వరసకి తోసినట్టే. అల్యూమినియంకి ఇంకో చెడ్డగుణం ఉంది. ఈ ఆర్ములు చేసే ప్లాస్టిక్, అంటే నైలాన్, వంగినా మళ్లీ తన ఆకారానికి వస్తుంది. అల్యూమినియం ఒక హద్దు దాటి వంగితే అలాగే ఉండిపోతుంది. కంటికి కనపడనంత వంకర చాలు, బండి ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది. పైగా అంతే పరిమాణం నైలాన్ కంటే రెట్టింపుకి మించి బరువు. ఆ బరువు చక్రాల దగ్గర చేరిందంటే సస్పెన్షన్ గుంతలకి అందుకోలేదు, చక్రం గాల్లోనే ఉండిపోతుంది.

దెబ్బ అంటే ఎంత దెబ్బ అన్నది కూడా మీ వ్యాసంలో లేదు, కాబట్టి లెక్క చెప్తాను. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి గోడకి కొట్టుకోవడమంటే, దాన్ని ఆరు మీటర్ల ఎత్తు నుంచి కింద పడేసినట్టు. అంటే రెండంతస్తుల మేడ మీద నుంచి. అదే 60 అయితే 14 మీటర్లు, దాదాపు అయిదంతస్తులు. వేగం ఒకటిన్నర రెట్లే పెరిగింది, దెబ్బ మాత్రం రెండుంపావు రెట్లయింది. ఇప్పుడు బ్యాటరీ సంగతి చూడండి. రెండు సెల్లుల లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ 7.4 వోల్టులు, మూడు సెల్లులది 11.1. సరిగ్గా ఒకటిన్నర రెట్లు. మోటారు వేగం వోల్టేజీని బట్టే పెరుగుతుంది. పిల్లలు పెద్ద బ్యాటరీ పెట్టిన వారంలోనే బండి ముక్కలైందని, కంపెనీ ప్లాస్టిక్ నాసిరకమని తిడతారు. రెండంతస్తుల కోసం చేసిన వస్తువుని అయిదో అంతస్తు నుంచి విసిరితే ప్లాస్టిక్ ఏం చేస్తుంది?

అలాగని లోహమే వద్దని నేను అనడం లేదు. నా పద్ధతి చెప్తాను. బండిలో గుద్దుకునే భాగాలు వేరు, తిరిగే భాగాలు వేరు. గుద్దుకునేవి, అంటే బంపర్, ఆర్ములు, బాడీని నిలబెట్టే పోస్టులు, వంగాలి. తిరిగేవి, బరువుని తిప్పేవి అరగకూడదు, మెలిపడకూడదు. అక్కడ స్టీలు వేయండి, నాకేం అభ్యంతరం లేదు. నా బండిలో ఒకదాంట్లో ఒకటి దూరే ప్లాస్టిక్ డ్రైవ్ షాఫ్టులు ఉండేవి. బలమైన మోటారుకి అవి జిలేబీ చుట్టల్లా మెలి తిరిగాయి. స్టీలువి వేశాక రెండేళ్లలో మళ్లీ వాటి జోలికి పోలేదు. చక్రం లోపల కూర్చునే 12 మిల్లీమీటర్ల ఆరు పలకల హెక్స్ ముక్కలు కూడా అంతే. ప్లాస్టిక్‌వి మూలలు అరిగి గుండ్రమవుతాయి, చక్రం వదులై ఊగుతుంది. ఇక్కడ అల్యూమినియం బాగా పనిచేస్తుంది. షాక్ అబ్జార్బర్ల పై మూతలు సరేసరి. ప్లాస్టిక్ మూతకి మర నిలవదు, పై నుంచి దూకి నేలని తాకగానే మూత ఎగిరి ఆయిల్ మొత్తం బయట.

అన్నిటికంటే ముందు మార్చాల్సినవి మాత్రం బుష్‌లు, అంటే ఇరుసు లోపల తిరిగే ఒట్టి గొట్టం ముక్కలు. కొన్ని బండ్లలో చక్రాల దగ్గర బేరింగుల బదులు ప్లాస్టిక్ బుష్‌లో, కంచు బుష్‌లో పెడతారు. మట్టి దూరి నాలుగు రోజుల్లో అరుగుతాయి, ఇరుసు ఊగుతుంది, దాంతో గేర్లు కూర్చునే తీరు కూడా చెడుతుంది. రబ్బరు సీలున్న బాల్ బేరింగులు వేస్తే సగం రోగాలు అక్కడే నయమవుతాయి. ఫొటోలో కనపడవు కాబట్టి వీటి గురించి ఎవరూ రాయరు.

సర్వో విషయంలో కొంచెం ఆలోచించి చేయాలి. స్టీరింగుని తిప్పే ఈ చిన్న మోటారులో ప్లాస్టిక్ గేర్లు ఉంటే లోహపు గేర్లున్నది వేసుకోవచ్చు. కానీ సర్వోకీ చక్రాలకీ మధ్య స్ప్రింగుతో సర్వో సేవర్ అని ఒకటి ఉంటుంది. చక్రానికి తగిలిన దెబ్బ సర్వోకి చేరకుండా అది పక్కకి తిరిగి మళ్లీ వెనక్కి వస్తుంది. స్టీరింగు గట్టిగా ఉండాలని దాన్ని తీసేసి నేరుగా బిగించేవాళ్లని చూశాను. నా మాట వినండి, దాని జోలికి వెళ్లకండి. అది మా షియర్ పిన్నుకి తమ్ముడు.

ఇప్పుడు స్పర్ గేరు గురించి, అంటే మోటారు మీది పినియన్ తిప్పే పెద్ద గేరు గురించి. మీ వ్యాసంలో దీన్ని కూడా స్టీలుది వేయమన్నారు. నా బండిలో ఒక్క నెలలో మూడు ప్లాస్టిక్ స్పర్ గేర్లు పోయాయి. నేనూ స్టీలుది తెప్పించబోయాను. ఆగి, పోయిన మూడింటినీ కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. మూడింటిలోనూ పళ్ల మొదళ్లు బాగానే ఉన్నాయి. కొనలు మాత్రం చుట్టూ సమానంగా గీరుకుపోయాయి. దెబ్బకి పోయిన గేరైతే ఒకే చోట మూడు నాలుగు పళ్లు మొదలంటా ఊడిపోతాయి. చుట్టూ కొనలు అరిగాయంటే పినియన్ దూరంగా జరిగి, అంచుల మీదే పట్టుకుని తిరిగిందని అర్థం. మోటారుని పట్టే రెండు స్క్రూలు చూస్తే, ఒకటి చేత్తో తిరిగింది. గేరు తప్పేమీ లేదు పాపం. మూడు గేర్లని బలిచ్చింది ఆ వదులు స్క్రూ.

పినియన్‌ని స్పర్‌కి దగ్గర చేయడానికి కాగితం చాలు. నోటు పుస్తకంలోంచి సన్నటి పట్టీ చింపి రెండు గేర్ల మధ్య పెట్టి తిప్పండి. మోటారుని వేలితో స్పర్ వైపు నొక్కి పట్టుకుని స్క్రూలు బిగించండి. ఇప్పుడు గేరు తిప్పి కాగితం బయటకి తీస్తే, మడతలు పడి ఉండాలి కానీ చిరగకూడదు. చిరిగిందంటే మరీ బిగువు. తర్వాత స్పర్‌ని వేలితో మెల్లగా ఒక చుట్టు తిప్పుతూ నాలుగైదు చోట్ల ఎంత ఆడుతోందో చూడండి. స్పర్ అంత గుండ్రంగా ఉండదు, ఒక చోట సరిపోయింది ఇంకో చోట పట్టేస్తుంది. ఎక్కడ బాగా బిగువుగా ఉందో అక్కడ కూడా వెంట్రుకంత ఆడేలా పెట్టుకోవాలి. నేను ఫ్యాక్టరీలో సందులు కొలిచే ఫీలర్ గేజ్‌తో చేసే పని ఇక్కడ కాగితం ముక్క చేస్తుంది. అప్పటి నుంచి ఒకే ప్లాస్టిక్ స్పర్ 14 నెలలుగా నడుస్తోంది.

ఇక్కడే, కుదుపు వస్తే జారి గేర్లని కాపాడే స్లిప్పర్ క్లచ్ ఉంటుంది, స్పర్ పక్కనే, స్ప్రింగు మీద నట్టుతో. చాలామంది ఆ నట్టుని బలమంతా పెట్టి బిగించేస్తారు, బండి ఎగిరి గంతేస్తుందని. అలా బిగిస్తే క్లచ్ ఉన్నా లేనట్టే. పావు చుట్టు చొప్పున వదులు చేసుకుంటూ రండి. ఆగి ఉన్న బండికి ఒక్కసారిగా థ్రాటిల్ (వేగం పెంచే మీట) ఇస్తే, మొదటి అడుగు, అడుగున్నర దూరం సన్నగా కుయ్యిమంటూ జారి తర్వాత పట్టుకోవాలి. మరీ వదులైతే అది వేడెక్కి స్పర్‌నే కరిగిస్తుంది, అదీ చూసుకోవాలి.

ప్లాస్టిక్‌కి ప్లాస్టిక్‌గానే బలం పెంచే ఉపాయం ఒకటుంది. నైలాన్ భాగాలకి కొంచెం తేమ కావాలి. బాగా ఎండిన నైలాన్ పెళుసుగా ఉంటుంది, తేమ పీల్చుకున్నది వంగుతుంది. కొత్త ఆర్ములని మరిగే నీళ్లలో అరగంట ఉంచి, అవే నీళ్లలో చల్లారనివ్వాలి. అడుగున పలకరాయి ముక్క వేసి దాని మీద పెట్టండి, గిన్నెకి నేరుగా తగిలితే వంకర పోతాయి. మొదటిసారి చేసినప్పుడు మూత తీసి చూసిన మా ఆవిడ మొహం నాకింకా గుర్తుంది. ఇప్పుడు ఆ గిన్నె నాది. పాత ఆర్ములకి కూడా ఇదే వైద్యం చేశాను. ఇది నైలాన్‌కే పనికొస్తుంది, బాడీ షెల్ చేసే పాలికార్బనేట్‌కి కాదు.

స్క్రూల దగ్గర అనుభవజ్ఞుణ్ణని అనుకుని నేనే తప్పు చేశాను. ఫ్యాక్టరీ అలవాటు కొద్దీ కనపడిన ప్రతి స్క్రూకీ థ్రెడ్ లాకర్, అంటే మర వదులవకుండా పట్టే జిగురు, పూశాను. లోహంలోకి వెళ్లే స్క్రూలకి అది మంచిదే, నీలం రకం చాలు. ప్లాస్టిక్‌లోకి వెళ్లే వాటికి పూస్తే కొన్ని రకాల ప్లాస్టిక్‌లు, ముఖ్యంగా పాలికార్బనేట్, ఏబీఎస్, దాని దెబ్బకి పగుళ్లిస్తాయి. నాలుగో రోజున బండిలో రిమోట్ సిగ్నల్ అందుకునే రేడియో పెట్టె మూత నాలుగు మూలలా సాలెగూడులా పగిలింది. ఎవరూ ముట్టుకోలేదు, ఎక్కడా కొట్టుకోలేదు. ప్లాస్టిక్‌లో స్క్రూ నిలవాలంటే మందు అక్కర్లేదు, ఓపిక కావాలి. విప్పిన స్క్రూని మళ్లీ పెట్టేటప్పుడు ముందు వెనక్కి తిప్పండి. ఒక చోట టక్కుమని పాత మరలోకి పడుతుంది, వేలికి తెలుస్తుంది. అక్కడి నుంచి ముందుకి బిగించండి. నేరుగా బిగిస్తే ప్రతిసారీ కొత్త మర కోస్తుంది. నాలుగోసారికి రంధ్రంలో ఏమీ మిగలదు. మా కొత్త అప్రెంటిస్ కుర్రాళ్లకి కూడా ఇదే చెప్తుంటాను.

బాడీ షెల్ గురించి పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. లోపలివైపు మూలలకీ, పోస్టు రంధ్రాల చుట్టూ ఫైబర్ గ్లాస్ జల్లెడ టేపు అంటించి, దాని మీద బూట్లకి వాడే సాగే జిగురు రాస్తే చాలాకాలం వస్తుంది. సూపర్ గ్లూ వద్దు, గట్టిపడి అదే పగులుతుంది.

లోహం అంటే కొత్త గొప్పేమీ కాదని కూడా చెప్పాలి. జపాన్ కంపెనీ తమియా 1979లో తెచ్చిన శాండ్ స్కార్చర్‌లో సస్పెన్షన్ భాగాలు లోహానివే. అప్పటి బ్రష్ మోటార్లకీ, నికెల్ కాడ్మియం బ్యాటరీలకీ ఇప్పటి వేగం లేదు. వేగం పెరిగాకే ప్లాస్టిక్ విలువ తెలిసిందని నా అభిప్రాయం.

ఏ భాగమూ మార్చకుండా బండిని కాపాడేది ఇంకొకటి ఉంది, మా అబ్బాయి నేర్పాడు. బండి గాల్లో ఉన్నప్పుడు థ్రాటిల్ వదిలేయాలి. గాల్లో చక్రాలకి అడ్డు లేక విపరీతంగా తిరుగుతాయి, టైర్లు ఉబ్బుతాయి. అలా తిరుగుతూ నేలని తాకితే నేల వాటిని ఒక్క క్షణంలో పట్టేస్తుంది. ఆ కుదుపు షాఫ్టుల గుండా నేరుగా డిఫరెన్షియల్ పళ్లకి వెళ్తుంది. "నాన్నా, దూకేటప్పుడు వేలు తీసెయ్" అని ఫోన్లో వాడు పదిసార్లు చెప్తే పదకొండోసారి విన్నాను.

కాబట్టి సంపాదకులకి నా మనవి ఒక్కటే. ఆ చివరి పేరాకి సవరణ వేయండి, రెండు లైన్లయినా సరే. మీ అనుబంధం చదివేది ఎక్కువగా స్కూలు పిల్లలు. దాచుకున్న డబ్బులన్నీ పెట్టి నీలం రంగు ఆర్ములు కొని, మర్నాడు గేర్‌బాక్సు పగిలితే వాళ్లు మళ్లీ ఈ బండి ముట్టరు. విప్పడం, చూడటం, బిగించడం వాళ్లకి ఇంకెక్కడ వస్తుంది? పేజీలో చోటు మిగిలితే, లిపో బ్యాటరీ ఛార్జింగులో ఉండగా పక్కన పెద్దవాళ్లు ఎవరో ఒకరు ఉండాలని కూడా వేయండి. అది మీ వ్యాసంలో ఎక్కడా లేదు.

నీలం ఆర్ములు ఇప్పుడు నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా బరువుకి ఉన్నాయి. బండికి మళ్లీ నల్లటి నైలాన్‌వే వేశాను. మొన్న ఆదివారం ఎడమవైపుది ఒకటి విరిగింది, అదే గట్టు దగ్గర. మార్చడానికి 12 నిమిషాలు పట్టింది, చీకటి పడేలోపు ఇంకో బ్యాటరీ నడిపాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఒక మెయింటెనెన్స్ ఫిట్టర్

తా.క.: వ్యాసం పక్కన వేసిన ఫొటోలో వెనక టైర్లు తిరగేసి బిగించి ఉన్నాయి. పై నుంచి చూసినప్పుడు ఆ బాణం గుర్తుల్లాంటి గాడుల కొన ముందువైపు చూడాలి. ఫొటోలో బండి ఎవరిదో గానీ, కాస్త చెప్పండి.